తోరణం కన్నా నాలుగు కంప్యూటర్లు మేలు



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి ఇమ్మని సంపాదక వర్గంలోని తమ్ముళ్లు అడిగారు. మామూలుగా అయితే మేము చదివిన రోజుల్లో చారు ఎంత పలుచగా ఉండేదో, ఒక దుప్పటిని ఇద్దరం ఎలా కప్పుకున్నామో రాసేవాళ్లం. ప్రతి సంచికలోనూ అవే వస్తున్నాయి. ఇదివరకు మేమూ రాశాం. ఈసారి మాత్రం ఒక తగువు పెట్టుకోదలిచాం. పెద్దలు కోపగించుకోవద్దని ముందే మనవి చేస్తున్నాం.

మేము ముగ్గురం. ఒకే ఏడాది ఈ హాస్టలు నుంచి పదో తరగతి ముగించుకుని బయటికి వెళ్లాం. మాలో ఒకరు డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతున్నారు. ఇంకొకరు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నారు. మూడోవారు అతిశీతల వాయువుల మీద కంప్యూటర్ లెక్కలు చేసి డాక్టరేట్ తీసుకున్నారు. ఎవరు ఎవరో మీకు తెలుసు కాబట్టి పేర్లు రాయడం లేదు.

తగువేమిటంటే, పోయిన పూర్వ విద్యార్థుల సమావేశంలో గేటుకి ఒక తోరణం కట్టించి, గ్రానైటు పలక మీద దాతల పేర్లు చెక్కించాలని ప్రతిపాదన వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. మేము లేచి, ఆ డబ్బులో సగం కూడా కాదు, స్టడీ హాల్లో నాలుగు కంప్యూటర్లు పెట్టి, వాటిని తీగలతో కలిపి, ఒకే లెక్కని నాలుగూ పంచుకుని చేసే పద్ధతి పిల్లలకి నేర్పుదామన్నాం. ఉదాహరణకి ఏ లెక్క అని అడిగితే, మాకు బాగా తెలిసింది కాబట్టి క్వాంటం వాయువుల లెక్క అని చెప్పాం. వెనక వరసలో నుంచి ఒక అన్న, "క్వాంటం గ్యాసు సంగతి తర్వాత, ముందు హాస్టలుకి వంట గ్యాసు టైముకి రానీయండి!" అన్నారు. సభంతా నవ్వింది. నిజానికి మేమూ నవ్వాం. మాట బాగుంది. కానీ ఇంటికి వెళ్తూ బస్సులో మాకు ఆ నవ్వు గుచ్చుకుంది. ఇది మనలాంటి వాళ్ల పని కాదు అన్న అర్థం ఆ నవ్వులో ఎక్కడో ఉంది. అందుకే ఆ వాయువు ఏమిటో, ఆ లెక్క ఏమిటో, దానికీ మనకీ ఏం సంబంధమో ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాం.

ఈ కథ మన దేశం మనిషితోనే మొదలవుతుంది. 1924లో ఢాకా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతున్న సత్యేంద్రనాథ్ బోస్ కాంతి కణాలను లెక్కపెట్టే ఒక కొత్త పద్ధతి రాసి ఐన్‌స్టీన్‌కి పంపించారు. ఆయనకి అప్పుడు డాక్టరేట్ లేదు, తర్వాత కూడా ఆయన డాక్టరేట్ చేయలేదు. ఐన్‌స్టీన్ ఆ వ్యాసాన్ని స్వయంగా జర్మన్‌లోకి అనువదించి అచ్చు వేయించారు. అదే పద్ధతిని అణువులకి వర్తింపజేసి, ఒక వాయువుని విపరీతంగా చల్లబరిస్తే అందులోని పరమాణువులు గుంపుగా ఒకే స్థితిలోకి వచ్చి కూర్చుంటాయని ఊహించారు. దాన్నే బోస్-ఐన్‌స్టీన్ కండెన్సేట్ అంటారు.

ఊహ నిజమవడానికి 70 ఏళ్లు పట్టింది. 1995 జూన్‌లో అమెరికాలోని బౌల్డర్‌లో ఎరిక్ కార్నెల్, కార్ల్ వీమన్ రుబీడియం వాయువుని కెల్విన్‌లో 170 నానో భాగాల దాకా చల్లబరిచారు. అంటే మైనస్ 273.15 డిగ్రీల దగ్గర ఉండే అంతిమ చలికి పైన, ఒక డిగ్రీని కోటి ముక్కలు చేస్తే అందులో రెండు ముక్కలు కూడా లేనంత దగ్గరగా! అలా ఒక్కటైన పరమాణువులు రెండు వేలు మాత్రమే. అదే ఏడాది ఎం.ఐ.టి.లో వుల్ఫ్‌గాంగ్ కెటర్లీ సోడియంతో చేసి చూపించారు. ముగ్గురికీ 2001లో నోబెల్ వచ్చింది. బోస్‌కి రాలేదు. ఆ సంగతి మీద వాదించుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, మేము ఆ జోలికి పోవడం లేదు.

ప్రయోగం చేయాలంటే లేజర్లు కావాలి, గాలి పూర్తిగా తీసేసిన గాజు గదులు కావాలి, అయస్కాంతాలు కావాలి. అవి కోట్ల రూపాయల సంగతి. కానీ ఆ వాయువు ఎలా ప్రవర్తిస్తుందో కంప్యూటర్లో లెక్క కట్టి చూడొచ్చు. అక్కడే మన విషయం మొదలు.

లెక్క కష్టం ఎక్కడంటే, క్వాంటం కణాలను ఒక్కొక్కదాన్ని విడిగా చూడడం కుదరదు. ఒక్కో కణానికి రెండే స్థితులు ఉన్నాయనుకోండి. 10 కణాలకి కలిపి 1,024 అమరికలు. 20 కణాలకి 10 లక్షలు దాటుతాయి. 40 కణాలకి లక్ష కోట్లు దాటుతాయి. 2,000 పరమాణువుల మాట ఇక ఎత్తనవసరం లేదు. ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ కలిపినా చాలవు.

దీనికి 1961లో యూజీన్ గ్రాస్, లెవ్ పిటేవ్‌స్కీ విడివిడిగా ఒక దారి చూపించారు. పరమాణువులన్నీ ఒకే స్థితిలో ఉన్నాయి కదా, ఒక్కొక్కటి మిగతావాటితో విడివిడిగా ఏం మాట్లాడుతోందో చూడనక్కర లేదు, మొత్తం గుంపు కలిసి దాని మీద ఎంత ఒత్తిడి పెడుతోందో చూస్తే చాలు అన్నారు. మన స్టడీ అవర్ గుర్తు తెచ్చుకోండి. తొంభై మంది గట్టిగా చదువుతుంటే పక్కవాడు ఏ పాఠం చదువుతున్నాడో వినబడదు, హాలంతా కలిపి ఒక రొద వినిపిస్తుంది. ఆ రొదే లెక్కలోకి తీసుకుంటారు. వాయువు పలుచగా, బాగా చల్లగా ఉన్నంత వరకు ఈ గ్రాస్-పిటేవ్‌స్కీ సమీకరణం ప్రయోగంతో చక్కగా సరిపోతుంది. పరమాణువులు ఒకదానితో ఒకటి బలంగా తగాదా పడే వాయువుల్లో సరిపోదు. అక్కడ వేరే పద్ధతులు కావాలి.

సమీకరణం ఒకటే అయింది గానీ పని తక్కువ కాలేదు. వాయువు ఉన్న చోటుని పొడవున 256, వెడల్పున 256, ఎత్తున 256 చుక్కలుగా విడగొడితే మొత్తం 1,67,77,216 చుక్కలు. ప్రతి చుక్క దగ్గరా ఒక సంఖ్య (నిజానికి జంట సంఖ్య), దానికి 16 బైట్లు. ఈ పట్టిక ఒక్కదానికే దాదాపు 27 కోట్ల బైట్లు. కాలాన్ని చిన్న చిన్న అంగలుగా కోసి, ఒక్కో అంగకి అన్ని చుక్కల విలువలూ మళ్లీ కట్టాలి. అలాంటి అంగలు వేలు, ఒక్కోసారి లక్షలు.

మొదట వాయువు తన అడుగు స్థితికి చేరాలి. దానికి ఒక చమత్కారం ఉంది. సమీకరణంలో కాలం స్థానంలో ఊహాత్మక సంఖ్యని పెట్టి నడిపిస్తారు. అప్పుడు మనం మొదట్లో ఇచ్చిన తప్పుడు ఆకారం, కుంటలో కలక నీళ్లు తేరుకున్నట్టు, నెమ్మదిగా తేరుకుని అసలు ఆకారం మిగులుతుంది. ఆ తర్వాత మామూలు కాలంలో నడిపి, వాయువుని కదిపితే ఊగుతుందా, తిప్పితే సుడులు వస్తాయా అని చూస్తారు. 2001లో ఎం.ఐ.టి.లో తిప్పిన సోడియం వాయువులో వందకు పైగా సుడులు వరుసలు తీరి నిలబడ్డాయి. అలాంటి బొమ్మని కంప్యూటర్లో మనమే పుట్టించి చూసినప్పుడు కలిగే సంతోషం మాటల్లో చెప్పలేం. మాలో ఆ పని చేసినవారు ఆ బొమ్మ రంగు ప్రింటు తీయించి ఊళ్లో ఇంట్లో గోడకి అంటించారు. "ఇదేం రంగోలి బిడ్డా?" అని వాళ్లమ్మ అడిగిందట!

ఇప్పుడు పంచుకునే సంగతి. కోటీ అరవై ఏడు లక్షల చుక్కల పనిని ఒక్కడే చేయడం ఎందుకు, నలుగురు చేస్తే పోదా? దీన్నే సమాంతర గణన అంటారు. వినడానికి తేలిక. మన మెస్‌లో నూరు మందికి ఒక్కడే వడ్డిస్తే చివరివాడి అన్నం చల్లారిపోతుంది. నలుగురు నాలుగు వరసల్లో వడ్డిస్తే అయిపోతుంది. కానీ అన్ని పనులూ వడ్డన లాంటివి కావు. మనకు కుళాయి ఒక్కటే ఉండేది. బకెట్లు ఎన్ని తెచ్చినా, మనుషులు ఎందరు వచ్చినా కుళాయి దగ్గర వరస వరసే. జీన్ ఆమ్‌డాల్ అనే ఇంజనీరు 1967లో ఈ సంగతే చెప్పారు. వంద నిమిషాల పనిలో పది నిమిషాలు ఒక్కడే చేయాల్సింది, తొంభై నిమిషాలు పంచుకోగలిగింది ఉందనుకోండి. పదిమంది కలిస్తే పదీ, తొమ్మిదీ, మొత్తం 19 నిమిషాలు. తొంభై మంది కలిస్తే 11 నిమిషాలు. తొమ్మిది వందల మంది వచ్చినా పది నిమిషాల లోపు కాదు. కాబట్టి సమాంతర గణనలో తెలివంతా మనుషుల్ని పెంచడంలో లేదు, ఆ ఒక్క కుళాయి ఎక్కడుందో కనిపెట్టి దాన్ని తగ్గించడంలో ఉంది.

మన వాయువు లెక్కలో రెండు రకాల పనులున్నాయి. ఏ చుక్క పని ఆ చుక్కదే అయినది ఒకటి, వడ్డన లాంటిది. రెండోది పక్క చుక్కలతో ముడిపడింది. పొడవున ఉన్న 256 చుక్కల గీతని ఈ కొస నుంచి ఆ కొస దాకా, మళ్లీ ఆ కొస నుంచి వెనక్కి వరుసగా చేయాలి, మధ్యలో తెంపకూడదు. అయితే ఒక గీతకీ ఇంకో గీతకీ సంబంధం లేదు. అలాంటి గీతలు 65,536 ఉన్నాయి. కాబట్టి గీతలు పంచుకోవచ్చు. తర్వాత వెడల్పు గీతలు, ఆ తర్వాత ఎత్తు గీతలు.

ఒకే కంప్యూటర్లో నాలుగు కోర్లుంటే ఇది సులువు. అందరి ముందూ ఒకే పట్టిక ఉంటుంది. విడి కంప్యూటర్లయితే పట్టికని ముక్కలు కోసి పంచాలి. ఘనాన్ని నాలుగు పలకలుగా కోస్తే, పలకలో ఉన్న పొడవు గీతలు, వెడల్పు గీతలు ఎవరివి వారి దగ్గరే ఉంటాయి. ఎత్తు గీతలు మాత్రం నాలుగు ముక్కలవుతాయి. అప్పుడు ఏం చేయాలి? ప్రార్థనలో తరగతి వారీగా నిలబడ్డ పిల్లల్ని బస్సు పాసుల కోసం మండలాల వారీగా నిలబడమంటే ఎలా ఉంటుంది? ఒక్కడు కదిలితే చాలదు, అందరూ కదలాలి. ఆ కదిలినంతసేపూ ఏ పనీ జరగదు. కంప్యూటర్లు కూడా సరిగ్గా ఇలాగే తమ దగ్గరున్న సంఖ్యల్ని ఒకదానికొకటి పంపుకుని కొత్త వరసలు కడతాయి. పని కాగానే మళ్లీ పాత వరసల్లోకి వస్తాయి.

దీనికి ఎంతసేపు పడుతుందో మీరే కట్టి చూడొచ్చు. నాలుగు కంప్యూటర్లలో ఒక్కోదాని దగ్గర 6.7 కోట్ల బైట్లుంటాయి. అందులో నాలుగో వంతు తన దగ్గరే ఉంచుకుని మిగతా 5 కోట్ల బైట్లు బయటికి పంపాలి. సెకనుకి వంద మెగాబిట్ల పాత రకం స్విచ్ పెడితే, అంటే సెకనుకి కోటీ పాతిక లక్షల బైట్లు, ఒక్క మార్పిడికి 4 సెకన్లు. అంగకి రెండు మార్పిడులు, అంటే 8 సెకన్లు. పదివేల అంగలకి ఉత్త కదలడానికే 22 గంటలు! అదే గిగాబిట్ స్విచ్ అయితే రెండు గంటల పైచిలుకు. చూశారా, ఏ స్విచ్ కొనాలో దుకాణం వాడు చెప్పనక్కర లేదు, ఒక కాగితం మీద గుణకారం చెబుతుంది. తొమ్మిదో తరగతి లెక్కలు వచ్చిన పిల్లవాడు చేయగలడు. మేము నేర్పుదామంటున్నది ఇదే.

ఇక మా అనుభవం ఒకటి చెప్పాలి. 2011లో మాలో పరిశోధన చేసేవారికి తాము చదివే చోట ల్యాబులో ఒక కంప్యూటర్ రాత్రిళ్లు వాడుకోవడానికి ఇచ్చారు. చివరికి బతిమాలి, పగలు కూడా ఎవరూ ముట్టుకోవద్దని కాగితం అంటించి, త్రిమితీయ వాయువు లెక్క పెట్టారు. అది తొమ్మిది రోజులు నడవాలి. ఏడో రోజు కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయి ఉంది. మధ్యమధ్యలో ఫలితాన్ని డిస్క్‌లో దాచుకోవాలని ఎవరూ చెప్పలేదు. మళ్లీ మొదటి నుంచి. అప్పుడు ఒక సీనియర్ వచ్చి, "నీ కంప్యూటర్లో నాలుగు కోర్లున్నాయి, నీ ప్రోగ్రామ్ ఒక్కదాన్నే వాడుతోంది తెలుసా?" అన్నారు. తెలియదు. నాలుగు పొయ్యిలున్న వంటింట్లో ఏడు రోజులు ఒక్క పొయ్యి మీదే వండినట్టయింది.

ఆ సీనియర్ లూపుల ముందు ఓపెన్‌ఎంపీ వరుసలు రాయడం చూపించారు. రాసి నడిపితే వేగం పెరిగింది, జవాబు మాత్రం నడిపిన ప్రతిసారీ మారింది! నాలుగు కోర్లూ ఒకే తాత్కాలిక పట్టికలో ఒకరి రాత మీద ఒకరు రాసుకుంటున్నాయి, ఒకే పలక మీద నలుగురు ఎక్కాలు రాసినట్టు. ఎవరి పలక వారికి ఇచ్చాక జవాబు కుదిరింది. తొమ్మిది రోజుల లెక్క మూడు రోజుల లోపుకి వచ్చింది. ఆ పలక తప్పు పట్టుకోవడానికి ఆయనకి పదకొండు రోజులు పట్టింది. అంటే మొత్తం మీద మిగిలింది ఏమీ లేదు. కానీ ఆ పదకొండు రోజుల్లో నేర్చుకున్నదే తర్వాత ఆయనకి అన్నం పెట్టింది. ఇలాంటిది పదహారేళ్లకే చేతికి అంటి ఉంటే ఇరవై నాలుగేళ్లకి అంత తడబాటు ఉండేది కాదు కదా అన్నది మా బాధ.

ఆయన వాడిన ప్రోగ్రామ్ ఎవరిదో చెప్పాలి, మా వాదనకి అదే ఊతకర్ర. దాన్ని రాసింది అమెరికా కంపెనీ కాదు. తమిళనాడులో తిరుచిరాపల్లిలోని భారతిదాసన్ విశ్వవిద్యాలయానికి చెందిన పి. మురుగానందం, బ్రెజిల్‌లోని సావో పాలోలో పరిశోధన చేసిన సాధన్ కుమార్ అధికారి కలిసి గ్రాస్-పిటేవ్‌స్కీ సమీకరణం కోసం ఫోర్ట్రాన్‌లో ప్రోగ్రాములు రాసి 2009లో ప్రచురించారు. మూల ప్రోగ్రామ్‌ని దాచుకోకుండా మొత్తం బయట పెట్టారు. 2012లో సెర్బియాలోని బెల్‌గ్రేడ్ శాస్త్రవేత్తలు కూడా చేయి కలిపి వాటిని సి భాషలోకి తెచ్చి, కోర్లన్నీ వాడుకునేలా ఓపెన్‌ఎంపీ చేర్చారు. ఆ తర్వాత అయస్కాంత గుణం బలంగా ఉన్న పరమాణువుల వాయువులకీ, గ్రాఫిక్స్ కార్డుల మీద నడిచేలా, విడి కంప్యూటర్ల గుంపు మీద నడిచేలా కొత్త రూపాలు వచ్చాయి. పైన మేము చెప్పిన వరసలు మార్చుకునే పద్ధతి ఆ గుంపు మీద నడిచే రూపంలోదే.

తిరుచిరాపల్లిలో ఉన్నది ఐ.ఐ.టి. కాదు, మన జిల్లాల్లో ఉన్నటువంటి రాష్ట్ర విశ్వవిద్యాలయం. అక్కడి నుంచి వచ్చిన ప్రోగ్రామ్‌ని ఇతర దేశాల పరిశోధకులు తమ లెక్కలకి వాడుకున్నారు. ఒక డైమెన్షన్‌లో నడిచే చిన్న ప్రోగ్రామ్ కొన్ని వందల వరుసలే. ఏ పాత లాప్‌టాప్ మీదైనా నడుస్తుంది. కొనక్కర లేదు, అడగక్కర లేదు, సిఫారసు ఉత్తరం అక్కర లేదు. మనకి జీవితంలో ఇన్ని తలుపులు ఇంత బార్లా తీసి ఎవరు పెట్టారు చెప్పండి?

పెద్ద యంత్రం దొరకనివాళ్లు చిన్నవాటిని కలిపి కట్టుకోవడం కొత్తేమీ కాదు. 1980లలో అమెరికా మనకు కావలసిన సూపర్ కంప్యూటర్ ఇవ్వడానికి వెనకాడింది. 1988లో పుణెలో సీ-డాక్ పుట్టింది. 1991లో చిన్న చిన్న ప్రాసెసర్లను కలిపి పరమ్ 8000 తయారు చేశారు. 1994లో నాసాలో థామస్ స్టెర్లింగ్, డొనాల్డ్ బెకర్ మామూలు 486 రకం కంప్యూటర్లు 16 కలిపి, ఉచితంగా దొరికే లినక్స్ వేసి ఒక గుంపు కట్టారు. దానికి బేవుల్ఫ్ అని పేరు పెట్టారు. ప్రపంచంలో ఎన్నో విశ్వవిద్యాలయాలు ఆ దారిలోనే నడిచాయి. సంగారెడ్డి దగ్గర కందిలో ఉన్న హైదరాబాద్ ఐ.ఐ.టి.లోని పరమ్ సేవ కూడా, ఎంత పెద్దదైనా, లోపల చూస్తే కలిసి పనిచేసే కంప్యూటర్ల గుంపే. నాలుగింటి మీద ఈ పని నేర్చినవాడు దాని ముందు కూర్చుంటే బిత్తరపోడు.

ఇక్కడ మా ముగ్గురిలోనే ఒక తగువుంది, దాచడం ఎందుకు? సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవారు, "నాలుగు పాతవి ఎందుకు, అదే డబ్బుతో పదహారు కోర్లున్న మంచిది ఒకటి కొందాం, ఈ తీగల గోల ఉండదు, లెక్క ఇంకా వేగంగా అవుతుంది" అంటారు. వాయువు లెక్క వరకు ఆయన మాటే నిజం. పైన చూపిన మార్పిడి లెక్క ప్రకారం, పట్టిక ఒక యంత్రంలో పట్టినంత కాలం దాన్ని నాలుగింటికి పంచడం దండగ. కానీ మనం కొనేది వాయువు కోసం కాదు, పిల్లల కోసం. ఒక్కటే ఉంటే దాని ముందు ఒక్కడే కూర్చుంటాడు, మిగతావాళ్లు వాడి భుజం మీద నుంచి చూస్తారు. ఆ ఒక్కడు ఎవరో కూడా మనకు తెలుసు, పదో తరగతిలో గట్టిగా మాట్లాడేవాడు. నాలుగుంటే నాలుగు జట్లు కూర్చుంటాయి. పైగా తీగ పీకేస్తే లెక్క ఎందుకు ఆగిపోయిందో కళ్లారా చూడొచ్చు. ఓట్లలో ఇద్దరం ఒకవైపు కాబట్టి నాలుగు అని రాశాం.

వంట గ్యాసు మాటకి వద్దాం. ఆ అన్న అన్నదాంట్లో న్యాయం ఉంది. బాత్రూము తలుపులు సరిగా లేని హాస్టలుకి క్వాంటం ఎందుకని ఎవరైనా అడుగుతారు. మా జవాబు ఒకటే. తలుపులు, గ్యాసు, మెస్ ఛార్జీలు ప్రభుత్వం ఇవ్వాల్సినవి. అవి మన హక్కు. వాటి కోసం అర్జీ పెట్టాలి, ధర్నాకి కూర్చోవాలి, మేమూ వచ్చి కూర్చుంటాం. కానీ తోరణం కట్టే డబ్బు ఎలాగూ తలుపులకి వెళ్లడం లేదు కదా! అది గేటు మీదికి వెళ్తోంది. పోలిక తోరణానికీ కంప్యూటర్లకీ మధ్య, కంప్యూటర్లకీ తలుపులకీ మధ్య కాదు. ఇంకో మాట. తలుపులు అయ్యాక పుస్తకాలు, పుస్తకాలయ్యాక కంప్యూటర్లు, ఆ తర్వాత ఎప్పుడో సైన్సు అని వరస పెడితే, మన పిల్లల వంతు వచ్చేసరికి ఎప్పుడూ ముప్పై ఏళ్లు ఆలస్యం. స్టడీ హాల్లో మనం రోజూ చూసే ఫోటోలోని అంబేడ్కర్ గారు కడుపు నిండాకే చదువుదామని అనుకోలేదు.

ఇది చదివితే వెంటనే ఉద్యోగం వస్తుందని మేము చెప్పడం లేదు. అలా చెప్పి పిల్లల్ని మోసం చేయలేం. అతిశీతల వాయువుల పరిశోధనకి దేశంలో చోట్లు తక్కువే. కానీ ఒక పెద్ద పనిని ఎలా ముక్కలు చేయాలి, ఎక్కడ ఒకరి కోసం ఒకరు ఆగాలి, జవాబు తప్పో ఒప్పో ఎలా పట్టుకోవాలి అన్నవి వాతావరణం లెక్కలోనూ ఇవే, మందుల అణువుల లెక్కలోనూ ఇవే. మన హాస్టలు నుంచి సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లినవాళ్లం చాలామందిమి ఎవరో రాసిన ఫారాల్లో తప్పులు వెతికే పనిలోనే ఆగిపోయాం. ఆ పని చిన్నదని కాదు, ఇంకో పని ఉందని మాకు ఎవరూ చెప్పలేదు.

మా భయం డబ్బు గురించి కాదు, తాళం గురించి. పాతవాళ్లకి గుర్తుంటుంది, ఒకసారి ఒక దాత ఇచ్చిన కంప్యూటర్లు స్టోర్ గదిలో పెట్టారు. ప్రారంభోత్సవం రోజు ఫోటోలు తీశారు. తాళం చెవి ఎవరి దగ్గరుందో ఏడాది పాటు తెలియలేదు. తలుపు తీసేసరికి ఎలుకలు తీగలు కొరికేశాయి. మళ్లీ అదే జరిగేటట్టయితే తోరణమే నయం, కనీసం దాని కింద నీడన నిలబడొచ్చు. అందుకని మా షరతులు ఇవి. కంప్యూటర్లు స్టోర్ గదిలో కాదు, స్టడీ హాల్లోనే ఉండాలి. తాళం చెవి ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల నుంచి ఒక్కో పిల్లవాడి దగ్గర ఉండాలి. రెండు ఆదివారాలకోసారి మా ముగ్గురిలో ఒకరం తప్పకుండా వస్తాం. వరుసగా రెండుసార్లు రాకపోతే మా పేర్లు వచ్చే సంచికలో అచ్చు వేయండి. వేసవి సెలవుల్లో ఎలుకల సంగతి వాచ్‌మన్ తాతతో ముందే మాట్లాడాం. పిల్లి ఉందన్నారు.

ఈ సంచిక మీ చేతికి వచ్చిన రోజు మధ్యాహ్నమే, భోజనాలయ్యాక, తోరణం తీర్మానం సభ ముందుకు వస్తుంది. తోరణం కావాలనే పెద్దలు తప్పకుండా రండి. వంట గ్యాసు అన్న ముందు వరసలో కూర్చోవాలి. మేము ఒక పాత లాప్‌టాప్ తెస్తున్నాం. తిరుచిరాపల్లి ప్రోగ్రామ్‌ని అక్కడే ఒక కోరు మీద, తర్వాత నాలుగు కోర్ల మీద నడిపి చూపిస్తాం. ఎంతసేపు పట్టిందో గడియారం పట్టుకుని ఏడో తరగతి పిల్లలే చెబుతారు. వేదిక పక్కనున్న ప్లగ్గు పోయినసారి పనిచేయలేదు. వార్డెన్ సారు ఒకసారి చూసి బాగు చేయించి ఉంచితే మాకు మేలు చేసినవారవుతారు.

– ఒకే బ్యాచ్ పూర్వ విద్యార్థులు ముగ్గురు